రామప్ప దాకా వెళ్లారా? ఇంకో 10 కిలోమీటర్లు తొక్కండి!

రామప్ప గుడికి వెళ్లొచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. నంది పక్కన ఓ ఫొటో, నల్లరాతి మదనికల దగ్గర ఓ రీల్, చెరువు కట్ట మీద ఉడకబెట్టిన మక్కకంకి, సాయంత్రానికి ఇల్లు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక ఆ గుడి పేరు తెలియనివాళ్లు లేరు. మంచిదే. కానీ అదే కాకతీయుల కాలంలో, అదే గణపతిదేవుడి ఏలుబడిలో కట్టిన గుళ్లు 22 ఒకేచోట, ఒకే ప్రాకారం లోపల ఉన్నాయని, అవి రామప్ప నుంచి 10 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయని ఎంతమందికి తెలుసు?

వాటిని జనం కోటగుళ్లు అంటారు. గుళ్ల చుట్టూ రెండు వరసల రాతిగోడలు కోటలాగా ఉంటాయి, అందుకని ఆ పేరు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండల కేంద్రంలో ఉన్నాయి. ఊరి పేరులో ఉన్నది ఆ గణపతిదేవుడే.

ముందే ఒక జాగ్రత్త. మ్యాప్‌లో ఒట్టి 'ఘన్‌పూర్' అని కొట్టి బయల్దేరకండి. హైదరాబాద్ నుంచి వస్తుంటే వరంగల్‌కు ముందే తగిలే స్టేషన్ ఘన్‌పూర్ వేరు, వనపర్తి వైపు ఉన్న ఘనపురం వేరు. సైకిల్ మీద 50 కిలోమీటర్లు ఉల్టా దిశలో తొక్కాక తెలిస్తే ఏడుపొక్కటే తక్కువ. 'గణపురం కోటగుళ్లు' అని పూర్తిగా కొట్టండి.

సైకిల్ మీదే ఎందుకు?

హన్మకొండ నుంచి ములుగు దాదాపు 50 కిలోమీటర్లు. ములుగు నుంచి పాలంపేట, అంటే రామప్ప గుడి ఉన్న ఊరు, ఇంకో 20. అక్కడి నుంచి గణపురం 10. మొత్తం 80 అన్నమాట. కారులో అయితే రెండు గంటల పని. మేం ఇద్దరం డిసెంబరు చివరి వారంలో సైకిళ్ల మీద వెళ్లాం. మా వాడు సివిల్ ఇంజినీరు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల సైట్ చూసుకుంటాడు. వాడిది 21 గేర్ల సైకిల్. నాది గేర్లు లేని మామూలుది. ఈ తేడా ఎక్కడ తెలుస్తుందో కాసేపట్లో చెప్తాను.

పొద్దున అయిదింటికే బయల్దేరాలి. చలి ఉంటుంది, చేతులకు గ్లౌజులు లేకపోతే బ్రేకులు పట్టుకోలేరు. ముందు లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి, ఎందుకంటే ఇది నేషనల్ హైవే, లారీలు ఆగవు. ఆత్మకూరు దాటి గుడెప్పాడ్ వచ్చేసరికి తెల్లవారుతుంది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే పరకాల, భూపాలపల్లి. ఆ దారిలో కూడా గణపురం చేరుకోవచ్చు, కానీ అటువైపు సింగరేణి బొగ్గు లారీలు ఎక్కువ. సైకిల్‌కు తిన్నగా ములుగు దారే నయం. గుడెప్పాడ్‌లో టీ తాగుతుంటే కొట్టు అక్క మా హెల్మెట్లు చూసి, "రేసా?" అని అడిగింది. కాదక్కా, గుడి చూడ్డానికి అంటే, "బస్సు లేదా?" అంది. దారి పొడవునా ఇదే ప్రశ్న. సమాధానం రెడీ చేసుకుని వెళ్లండి.

మల్లంపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు. రెండో ఏరుడు నడుస్తోంది. మిరప తోటల్లో కాయ ఎరుపు తిరుగుతోంది. వరి కోసిన మళ్లలో యాసంగి నార్లు పోస్తున్నారు. ములుగుకు కాస్త ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఎత్తు వస్తుంది. మేడారం పోయేవాళ్లు ముందు ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి గానీ కదలరు. గేర్ల సంగతి తెలిసేది ఇక్కడే. మా వాడు కూర్చునే ఎక్కేశాడు. నేను దిగి, నెట్టుకుంటూ, అమ్మకు దండం పెట్టుకుంటూ ఎక్కాను.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగితే అసలు సైక్లింగ్ మొదలవుతుంది. లారీల మోత పోతుంది. తాటిచెట్లు, కల్లు ముంతలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వడ్ల మీంచి తొక్కకండి. పక్కనుంచి వెళ్లండి, లేదా దిగి నడవండి.

రామప్ప దగ్గర ఓ గంట చాలు

రామప్ప గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఆయన పేరుతోనే అది రుద్రేశ్వరాలయం. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుక వాడారు, పునాదిలో ఇసుక నింపారు, బయట చూరు కింద 12 మంది నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు. ఇవన్నీ మీకు అక్కడి గైడ్లు చెప్తారు. నేను అడిగేది ఒక్కటే. స్తంభాలను, పైన దూలాలను, బయట ఆ మదనికలను గట్టిగా గుర్తుపెట్టుకోండి. కావాలంటే ఫోన్‌లో దగ్గరగా నాలుగు ఫొటోలు తీసుకోండి. వాటితో మనకు మధ్యాహ్నం పని ఉంది.

అక్కడి నుంచి గణపురం దారి పట్టాక సైకిల్ మీద రావడం ఎందుకు మంచిదో నాకు అర్థమైంది. కారులో ఈ ముక్క పావుగంట. పాటలు మూడు అయిపోయేలోపు వచ్చేస్తుంది. సైకిల్ మీద కాళ్లకు నేల తెలుస్తుంది. చెరువు కట్ట ఎత్తు తెలుస్తుంది, దిగగానే తూము కింద పొలాల చల్లదనం తెలుస్తుంది, కాలువ గట్టు దగ్గర చిన్న ఎక్కు, మళ్లీ దిగుడు. రామప్ప చెరువు ఆయకట్టు వదిలిన కాసేపటికి ఇంకో చెరువు వైపు వెళ్తున్నాం. అది గణపసముద్రం, గణపతిదేవుడి కాలంలోదే. కాకతీయులు ఊరు, గుడి, చెరువు మూడూ కలిపే కట్టేవారని స్కూల్లో చదువుకున్నాం కదా. చదివింది వేరు, పది కిలోమీటర్లలో రెండు గుళ్లు రెండు చెరువులు తొక్కుకుంటూ దాటడం వేరు. ఇంత రాయి చెక్కించాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఈ చెరువుల కింద పండిన వడ్లలోంచి వచ్చింది, వ్యాపారంలోంచి వచ్చింది. సముద్ర వ్యాపారులకు భయం లేదని హామీ ఇస్తూ 1244లో మోటుపల్లిలో శాసనం వేయించింది కూడా ఈ గణపతిదేవుడే. ఆయన 1199 నుంచి 1262 దాకా, అరవై ఏళ్లకు పైగా ఏలాడు. అంత కాలం ఒకే రాజు ఉంటే చెరువులు పూర్తవుతాయి, గుళ్లూ పూర్తవుతాయి.

కూలిన గుడిలో కనిపించేది

ఊళ్లోంచి గుళ్ల దగ్గరికి వచ్చి సైకిళ్లు తాళం వేశాం. లోపలికి అడుగు పెట్టగానే రామప్పలో వచ్చే 'అబ్బా' రాదు. శిఖరాలు లేవు. కొన్ని గుళ్లు భుజాల దాకా ఉన్నాయి, కొన్ని మోకాళ్ల దాకా. పునాది కుంగినచోట స్తంభాలు పక్కకు వాలి ఉన్నాయి. కొన్ని చిన్న గుళ్లలో దేవుడు లేడు. గడ్డిలో దూలాలు, కప్పు రాళ్లు. "ఇంతేనా?" అన్నాడు మా వాడు. ఇంకో రెండు గంటలకు ఎండ తగ్గిపోయాక కూడా వాడిని అక్కడి నుంచి కదిలించడం నా వల్ల కాలేదు.

మధ్యలో పెద్దది గణపేశ్వరాలయం. తూర్పు ముఖం. గర్భగుడి, దాని ముందు అంతరాళం, ఆ ముందు సభామండపం. మండపానికి తూర్పు, ఉత్తరం, దక్షిణం మూడు వైపులా ప్రవేశాలు. పొద్దున రామప్పలో చూసిన నక్షాయే. ఫోన్‌లో ఫొటోలు తెరిచి పక్కన పెట్టి చూస్తే ఒకే చేతి పనా అనిపిస్తుంది. ఉత్తరం వైపు ప్రవేశం దగ్గర ఆగండి. ఇక్కడ ఇద్దరు మదనికలు ఉన్నారు. చూరు కింద వంపు తిరిగి నిలబడ్డ తీరు రామప్ప అక్కచెల్లెళ్లను గుర్తు చేస్తుంది. వాళ్లతోపాటు గజకేసరి బొమ్మలు. ఏనుగు మీద ఎక్కి కూర్చున్న సింహరూపాలు, సగం మనిషి సగం సింహం. ఒకదానికి గుర్రం తల ఉంటుంది. కాకతీయ శిల్పి సరదా పడ్డాడని నాకు అనిపించింది.

పెద్ద గుడికి ఉత్తరాన కాటేశ్వరాలయం. దాదాపు ఇదే నక్షా, కాస్త చిన్నది. దక్షిణాన చాలా స్తంభాల మండపం ఒకటి. చుట్టూ చిన్న గుళ్లు. ఒకదానిలా ఒకటి ఉండదు. కొలతలు వేరు, తీరు వేరు. ఏది ఎవరి కోసం కట్టారో తెలియకపోయినా, కొత్తగా వచ్చిన శిల్పులకు చేయి తిరగడానికి ఇచ్చిన పనిలాగా కూడా కొన్ని కనిపిస్తాయి. ఇది నా ఊహే. మీరు వెళ్లి మీ ఊహ మీరు చేసుకోండి.

ఇక మా వాడిని కట్టిపడేసింది ఏమిటంటే, కూలిపోయిన భాగాలు. "రామప్పలో అన్నీ అతికి ఉన్నాయి, లోపల ఏముందో తెలియదు. ఇక్కడ చూడరా, సెక్షన్ డ్రాయింగ్ గీసి పెట్టినట్టుంది" అన్నాడు. నిజమే. మనం ఒక్క రాయి అనుకునే స్తంభం ఒక్క రాయి కాదు. కింద పీఠం ఒక రాయి, నిలువు స్తంభం ఒకటి, దాని మీద పళ్లెంలా గుండ్రటిది ఒకటి, దాని మీద నాలుగు దిక్కులా చేతులు చాచిన బోదిక ఒకటి. ఆ చేతుల మీద దూలం. దూలాల మీద కప్పు రాళ్లు. సిమెంటు లేదు, సున్నం లేదు. పైనున్న బరువే కింది రాయిని కదలకుండా పట్టుకుంటుంది. అంటే పైన కప్పు ఉన్నంతకాలం స్తంభానికి బలం. కప్పు పోయిందా, స్తంభం ఒంటరిదైపోతుంది, గట్టిగా గాలి కొట్టినా భయపడాల్సిందే.

కింద పడిన ఒక బోదికను చూపించాడు. మామూలుగా తలెత్తి, మెడ నొప్పి పెట్టేదాకా చూడాల్సినది ఇక్కడ మోకాలి ఎత్తులో ఉంది. దాని అడుగున, దూలం కూర్చునే చోట, ఉలి దెబ్బలు అలాగే ఉన్నాయి. నునుపు చేయలేదు. ఎవరికీ కనిపించని చోట నునుపు చేయాల్సిన పనేముంది? మన సైట్లలో కూడా టైల్ వెనక గోడను ఎవరు నునుపు చేస్తారు అని మా వాడు నవ్వాడు. 800 ఏళ్ల నాటి మేస్త్రీ ఒక్కసారిగా తెలిసినవాడిలా అనిపించాడు నాకు.

తాత మాట

మేకలు మేపుకుంటూ వచ్చిన ఒక తాత మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. చివరికి దగ్గరికొచ్చి, "యాడికెళ్లి వస్తున్రు బిడ్డా?" అని అడిగాడు. హన్మకొండ నుంచి సైకిల్ మీద అని చెబితే నమ్మలేదు. టైరు నొక్కి చూశాడు.

"మా చిన్నప్పుడు గీ మండపంల గొర్లు పండేటియి" అన్నాడు. "గప్పుడు అంతా చెట్లే. పగటిపూట కూడా రావాలంటే భయమయ్యేది. లంకెబిందెలున్నయని ఎవరెవరో తవ్విపోయిండ్రు. ఏం దొరికిందో ఏమో, గుడి మాత్రం కూలింది."

గుడి ఎందుకు కూలిందంటే 1323లో ఢిల్లీ సైన్యాలకు ఓరుగల్లు పడిపోవడం ఒక్కటే కారణంగా చెప్పేవాళ్లు ఉన్నారు. రాజ్యం పోయాక గుడికి మాన్యం పోతుంది, చూసుకునే దిక్కు పోతుంది, అది నిజం. కానీ ఇక్కడ కాసేపు తిరిగితే మిగతా కారణాలు కూడా కళ్ల ముందే ఉన్నాయి. రాళ్ల సందుల్లో మొలిచిన రావి మొక్క, పునాదిలోకి ఇంకే వాన నీరు, నిధుల కోసం తవ్విన గుంతలు. ఇసుక పునాది గొప్పదే, కదలకుండా ఉన్నంతకాలం. పక్కన గుంత తవ్వితే ఇసుక ఆ గుంతలోకి జారుతుంది. పైన టన్నుల రాయి ఊరుకుంటుందా?

"మరి ఏం చేయాలంటావు తాతా?" అని మా వాడు అడిగాడు.

"ఏం జేసుడేంది? మళ్ల కట్టాలె. శివరాత్రికి జనమొస్తరు, దేవుడు ఎండల కూసుంటే మంచిగుంటదా? రామప్పకు వచ్చెటోళ్లందరు గట్లనే మర్రిపోతరు. ఇటు ఎవరొస్తరు?"

మా వాడిదీ అదే మాట. రాళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి, నంబర్లు వేసి మళ్లీ పేర్చేయొచ్చు అని. ఇక్కడ నాకూ వాడికీ వాదన పడింది. హన్మకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని 2006లో విప్పారు. మళ్లీ పేర్చి తలుపులు తెరిచింది 2024లో. పద్దెనిమిదేళ్లు! మండపం విప్పినప్పుడు బడిలో చేరిన పిల్లలు అది తెరిచేనాటికి ఉద్యోగాల్లో ఉన్నారు. అది ఒక్క మండపం, అదీ నగరం నడిబొడ్డున. రామప్ప ప్రాంగణంలోనే ఉన్న కామేశ్వరాలయాన్ని కూడా పునర్నిర్మాణం కోసం విప్పి ఏళ్లు గడిచాయి. విప్పడం తేలిక, పేర్చడం కష్టం. ఇక్కడ ఉన్నవి 22. పైగా పగిలిన దూలం స్థానంలో కొత్త రాయి పెట్టాలి, పోయిన శిల్పం స్థానంలో ఏం పెడతాం? తొందరపడి సిమెంటుతో పూడ్చేస్తే, ఇందాక మనం మోకాలి ఎత్తులో చూసిన ఆ ఉలి దెబ్బలు మళ్లీ ఎవరికీ కనిపించవు.

"అయితే అలాగే వదిలేయమంటావా?" అన్నాడు.

వదిలేయమని కాదు. నా లెక్కలో ముందు వాన నీళ్లు పునాది దగ్గర నిలవకుండా కాలువ. తర్వాత రాళ్ల మధ్య వేళ్లు తీయడం. తర్వాత వాలిన స్తంభాలకు ఆసరా. పడి ఉన్న ప్రతి రాయికీ నంబరు, ఫొటో, ఏ గుడిదో రాసిన రికార్డు. ఇవేవీ ప్రారంభోత్సవాలకు పనికొచ్చే పనులు కావు. కానీ ఇవి లేకపోతే ప్రతి వానాకాలం ఒక్కో రాయి కిందికి వస్తుంది. పెద్ద గుడిని, పూజ జరిగేదాన్ని, జాగ్రత్తగా నిలబెట్టాలన్న తాత మాటకు నాకు అడ్డు లేదు. ఆయన దేవుడు, ఆయన ఊరు. మిగతావాటిలో కొన్నింటిని మాత్రం కూలిన తీరునే గట్టిపరిచి ఉంచితే, ఇంజినీరింగ్ పిల్లలకు అంతకంటే మంచి ల్యాబ్ ఏముంటుంది? మా వాడు సగమే ఒప్పుకున్నాడు.

మనం చేసే పాడు సంగతి కూడా చెప్పాలి. స్తంభాల మీద మొలతో గీసిన పేర్లు, మధ్యలో లవ్ గుర్తు. 800 ఏళ్లు నిలిచిన రాయి మీద ఆ జంట ఎన్ని నెలలు నిలిచారో. ఇంకొకటి, రాలిన ఇటుక ముక్క కనిపిస్తే నీళ్లలో తేలుతుందా అని బాటిల్ మూతలో వేసి వీడియో తీయడం, తర్వాత జేబులో వేసుకోవడం. వద్దు. వాలిన చూరు మీదికెక్కి ఫొటో అసలే వద్దు. ఇందాక చెప్పాను కదా, సిమెంటు లేదు, బరువే ఆధారం. మీ బరువు లెక్కలో లేదు.

వెళ్లేవాళ్లకు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీద సైకిల్‌కు చోటుండదు. క్యాలెండర్ చూసుకోండి. 80 కిలోమీటర్లు వద్దనుకుంటే సైకిల్‌ను బండి వెనక కట్టుకుని పాలంపేట దాకా వచ్చి, అక్కడి నుంచి తొక్కండి. రానూపోనూ 20 కిలోమీటర్లు, ఎవరైనా తొక్కగలరు. రాత్రికి ఆగాలంటే ములుగు, భూపాలపల్లిలో లాడ్జీలు ఉంటాయి. గుళ్ల దగ్గర తినడానికి ఏమీ దొరకదనే అనుకుని వెళ్లండి. నీళ్లు రెండు లీటర్లు, పల్లీపట్టీలు పెట్టుకోండి. స్పేర్ ట్యూబు, పంపు, ప్యాచ్ కిట్ మర్చిపోకండి. సర్కారు తుమ్మ ముల్లు ఏ బ్రాండు టైరునూ గౌరవించదు. మాకు గణపురం ఇంకా రెండు కిలోమీటర్లుందనగా దిగింది. గేర్ల సైకిల్‌కే దిగింది, నాకు కాస్త సంతోషమే.

సాయంత్రం గణపసముద్రం కట్ట మీదికి వెళ్లాం. నీళ్ల మీద ఎండ ఎర్రబడుతోంది. వలలు తీస్తున్న ఇద్దరన్నలు సైకిళ్లు చూసి పిలిచారు. తట్టలో కొర్రమట్టలు ఇంకా కొట్టుకుంటున్నాయి. కిలో ఎంతన్నా అని బేరం మొదలుపెట్టింది మా వాడే. ఎక్కడ వండుతావురా అంటే, లాడ్జి పక్కన హోటల్లో అడుగుదామన్నాడు. రెండు చేపలను తాటాకులో చుట్టి హ్యాండిల్‌కు కట్టించుకుని, చీకటి పడకముందే భూపాలపల్లి వైపు తొక్కాం.